ఉరిమినా తీయని ప్లగ్గు

ఈ మధ్యాహ్నం చిల్లకల్లు వైపు ఆకాశం నల్లబడగానే నాకు కంగారు మొదలైంది. మా జగ్గయ్యపేట ఇంట్లో ఉరుము వినపడితే చాలు, ప్లగ్గులన్నీ పీకడం నా పని. టీవీది, ఫ్రిజ్‌ది తీసేసి కోడలి ల్యాప్‌టాప్ దగ్గరికి పరుగెత్తాను.

"అత్తయ్యా, అది ముట్టుకోకండి! దీని బ్యాటరీ పోయింది. ప్లగ్గు తీస్తే పొద్దుటి నుంచి నడుస్తున్న బిల్డ్ ఆగిపోద్ది!"

ఫోన్ యాప్‌లు తయారుచేసే ఫ్రేమ్‌వర్క్‌లో ఏదో తప్పుందట. దాని అసలు కోడ్‌లోనే సరిచేసి, మొత్తం మళ్ళీ బిల్డ్ చేసి, అంటే ఆ కోడంతా నడిచే ప్రోగ్రామ్‌గా మార్చి, సాయంత్రానికి ఆఫీసుకు పంపాలట.

"పిడుగు పడితే నీ కోడూ ఉండదు, ఆ మిషనూ ఉండదు కదమ్మా!"

"ఏం పడదులెండి, మీరు కాసేపు కూర్చోండి."

కూర్చోవడమా? స్విచ్ మీద వేలు పెట్టి అక్కడే నిలబడ్డాను. మెరిసినప్పుడల్లా నేను కోడలి మొహం చూశాను, తనేమో తెర మీద పరుగెత్తే అక్షరాలు చూసింది.

వాన వెలిశాక, "అయిపోయింది అత్తయ్యా, ఇక తీసేయండి" అంది నవ్వుతూ. తీశాను.

రేపు ఇంకో మార్పు చేసి మళ్ళీ బిల్డ్ చేయాలట. వానలేమో ఇప్పుడే మొదలయ్యాయి. మీరైతే ప్లగ్గు పీకుతారా, నాలాగా నిలబడతారా? చెప్పండమ్మా.