పట్టుకున్న చేతులు

అనంతపురంలో వినపడనివాళ్లకు సైగలతో మాటలు చేరవేసే దుబాసీని నేను. ఈ పనిలో చేరిన కొత్తలో ఒకరోజు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. వజ్రకరూరు వైపు పల్లె నుంచి ఒకామె, పుట్టుచెవుడు, భర్తను తీసుకొచ్చింది. వేరుశనగ చేలో పాము కరిచిందట.

నేను వెళ్లేసరికి డాక్టరు బయటికొచ్చాడు. "తెచ్చేసరికే ఆలస్యమైపాయ. మనిషి లేడని చెప్పమ్మా."

నేను చేతులెత్తగానే ఆమె నా రెండు మణికట్లూ గట్టిగా పట్టుకుంది.

"చెప్పినావా?"

"చేతులు పట్టుకునింది సార్. విడవడంలే."

"అయితే నోటితో చెప్పు, పెదాలు చూసి అర్థం చేసుకుంటాది. ఆడ ఇంకా పేషెంట్లు ఉండారు."

మా దుబాసీలందరికీ పని నేర్పిన సరస్వతక్క ఒకటే చెప్పేది: "వాళ్లు మన చేతులు పట్టుకుంటే నోరు మూసినట్లే పాపా. వాళ్లే విడవల్ల. మనం లాక్కోకూడదు."

కదలకుండా నిలబడ్డాను. ఆమె నా ముఖంలోకే చూస్తోంది. చాలాసేపటికి చేతులు వదిలి, 'ఇప్పుడు చెప్పు' అని సైగ చేసింది. చెప్పాను.

ఆ డాక్టరు మీద కోపం నాకింకా పోలేదు. వినలేని మాట వస్తే మనం చెవులు మూసుకుంటాం. ఆమె మూసుకోవడానికి ఉన్నవి నా చేతులే.