శామీర్‌పేటలో చేతులు కట్టుకున్న మా సారు

మా సారు పోయారని మొన్న పొద్దున గౌడవెల్లి నుంచి ఆయన కోడలు ఫోన్ చేసింది. చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. నాకు పని నేర్పింది ఆయనే, నా ఉద్యోగం నిలబెట్టింది కూడా ఆయనే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మేడ్చల్‌లో మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. రెండు ఊళ్ల కంప్యూటర్ల మధ్య సమాచారాన్ని దారి చూపి నడిపే ప్రోగ్రాం తయారుచేసేవాళ్లం. తెర మీద కనబడకుండా వెనకాల నడిచే అలాంటి ప్రోగ్రాంను డీమన్ అంటారు. పరీక్షించడం కోసం సారు దానికి బయటి నుంచి మాట అందుకునే ద్వారంలా ఒక సాకెట్ పెట్టారు. దాని ద్వారా దూరం నుంచే ఆగమంటే ఆగేది, నడవమంటే నడిచేది. పొద్దున వస్తూనే ఆ డీమన్ గురించి "ఏమంటుండు మనోడు?" అని అడిగేవారు. "బాగున్నానంటున్నాడు సార్" అంటే ఒప్పుకునేవారా! "వాడు జెప్పుడు గాదు, నువ్వు సూసినవా?" రోజూ ఇదే గోల. లోపల తిట్టుకునేదాన్ని.

ఉద్యోగం ఇంకా ఖాయం కాని రోజుల్లో, శామీర్‌పేటలో ఒక ఫ్యాక్టరీకి మేం పెట్టిన డీమన్‌కు మేడ్చల్ నుంచి పరీక్షగా "ఆగు" అని పంపాను. బుద్ధిగా ఆగింది. మళ్లీ నడవమని చెబుదామంటే దారే లేదు. నా మాటను అక్కడికి చేరవేసేది ఆ డీమనే మరి! ఫ్యాక్టరీలో పని నిలిచిపోయింది. రేపటి నుంచి నన్ను రావద్దన్నాడు మా మేనేజరు.

సారు అడ్డం పడ్డారు. "ఆగుమంటె ఆగిండు, గది ఆ పిల్ల తప్పెట్లయితది? మళ్ల లేసే తెలివి వానికి నేను పెట్టలే. పంపితే నన్ను పంపుండ్రి."

వారంలో బాగుచేసి చూపించకపోతే ఇద్దరూ ఇంటికే అన్నాడు మేనేజరు. శామీర్‌పేట దాకా సారు స్కూటర్ వెనక కూర్చుని ఏడుస్తూనే ఉన్నాను.

"ఏడుస్తవెందుకు బిడ్డా? నువ్వు జేసినవు గాబట్టి గీ తప్పు దొరికింది. ఇగ నువ్వే బాగుజెయ్యి" అన్నారు. ఆరోజు డీమన్‌ను ఆయనే చేత్తో లేపారు.

ఆపిన రెండు నిమిషాల్లో ఎవరూ పలకరించకపోతే డీమన్ తనంతట తానే లేచేలా ఆ వారంలో రాశాను. పరీక్షరోజు మేడ్చల్‌లో మేనేజరు నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. సారు శామీర్‌పేటలో కంప్యూటర్ ముందు కూర్చుని ఫోన్‌లో ఉన్నారు.

"లేవకపోతే సార్?"

"నేనైతే ముట్ట. చేతులు గట్టుకొని కూసున్న. పంపు బిడ్డా."

పంపాను. రెండు ఊళ్ల మధ్య దారి తెగింది. గడియారం చూస్తూ రెండు నిమిషాలు లెక్కపెట్టాను. చివరికి "లేసిండు!" అని ఫోన్‌లో అరిచారు సారు. మా ఇద్దరి ఉద్యోగాలూ నిలిచాయి.

అక్కడి ఆపరేటర్ తర్వాత చెప్పాడు. ఆ రెండు నిమిషాలూ నిండేదాకా సారు ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, రెండు చేతులూ చంకల్లో గట్టిగా బిగించుకుని, కీబోర్డు కంటపడకుండా గోడవైపు తిరిగి కూర్చున్నారట.