బూట్లకెక్కిన ముద్దమందారం

మా మేనత్త వర్ధనమ్మకు కోపం వస్తే సగం నర్సీపట్నానికి వినపడేది. అదీ ఒక్క మందార చెట్టు గురించే. భర్త పోయాక రావికమతం నుంచి మా ఇంటికి వస్తూ ఆవిడ తెచ్చుకున్నదల్లా తడిగుడ్డలో చుట్టిన ఒక కొమ్మ. అక్కడి తల్లిచెట్టును మరుదులు పశువుల పాక కోసం కొట్టేశారు. ఆ ఎర్ర ముద్దమందారం ఇక మా పెరట్లో తప్ప ఎక్కడా లేదని ఆవిడ లెక్క. అందుకే కన్నకొడుకు అడిగినా కొమ్మ ఇచ్చేది కాదు. కొడుకులు లేరనుకోండి.

పొద్దున్నే ఆకుల వెనక పిండిపురుగు తుడిచి బూడిద చల్లేది, బియ్యం కడుగు పోసేది. పువ్వులన్నీ అమ్మవారికి. "నువ్వు పెట్టుకోలేని పువ్వుకి ఇంత చాకిరీ ఎందుకు?" అని మొరటుగా అడిగాను ఒకసారి. "చెట్టు పెట్టుకుంది కదరా, చాల్లే" అంది.

మన్యంలో గొడవలని ఊళ్ళోకి పోలీసు బలగం దిగిన ఏడు అది. నేను కాలేజీకి నీళ్ళొదిలి, ఖద్దరు కట్టి, ఏ పనీ లేకుండా తిరుగుతున్నాను. చెట్టు మీద పువ్వులు మాయం కాసాగాయి. ఒక ఉదయం గోడమీద వేలాడుతున్న కానిస్టేబుల్ని అత్తయ్యే పట్టుకుంది. వాడి చేతిలో పువ్వులు, విరిగిన కొమ్మ.

"ఏ దేవుడికిరా ఈ దొంగపూజ?"

"దేవుడికి కాదండి అమ్మగోరూ, బూట్లకండి. మందారం రుద్దితే నల్లగా నిగనిగలాడతాయండి. మెరవకపోతే జమేదారు సంపేత్తాడండి."

"అమ్మవారి పువ్వు తోలుకి రుద్దుతావా! నీ చేతులు..." అక్కడే ఆగింది. శపించడం ఆవిడకు చేతకాదు. "పేరేవిట్రా?"

"తాతబ్బాయండి. పాయకరావుపేట." అంటూనే కొమ్మతో సహా అవతలికి దూకాడు.

ఆ వానల్లోనే చెట్టు వేళ్ళకు చెద పట్టింది. పైన ఆకు పచ్చగా ఉండడంతో ఆలస్యంగా తెలిసింది. అత్తయ్య మొదలు తవ్వి వేపనూనె పోసింది. మిగిలిన కొమ్మలు కోసి పాతితే అవీ కుళ్ళిపోయాయి. చెట్టు ఎండిపోయింది. ఆవిడ అరవలేదు. అందుకే నాకు భయం వేసింది.

"వాడు ఆ కొమ్మ ఏం చేశాడో!" అంటూ ఒకరోజు ముసుగు కప్పుకుని బయలుదేరింది. మగవాళ్ళే తప్పుకు తిరిగే పోలీసు గుడారాలకు! వెనక నేను. కాపలావాడు ఆపాడు.

"తాతబ్బాయిని పిలువు. మా పూలదొంగ" అంది.

గుడారాలన్నీ గొల్లుమన్నాయి. తాతబ్బాయి తలదించుకుని వచ్చాడు.

"కొమ్మాండి? పారెయ్యడానికి సెయ్యాడలేదండి. నీళ్ళకాడ గుచ్చేను."

స్నానాల నీళ్ళు పారే చోట మోకాలెత్తు మొక్క, దాని కొసన ఎర్ర మొగ్గ. అత్తయ్య అక్కడే కూలబడి ఆకు వెనక్కి తిప్పి చూసింది. "పిండిపురుగు పట్టింది, చూసుకోవద్దూ!"

"మీదే అమ్మగోరూ, బేగి పెకిలించుకు పోండి."

"పెకిలిస్తే చస్తుందిరా వెర్రివెధవా! పెంచావు, నీదే. నాకో కొమ్మ ఇయ్యి" అని చెయ్యి చాపింది.

ఆ కొమ్మ ఇప్పుడు చెట్టై మా గోడ ఎత్తు దాటింది. రాలిన పువ్వులన్నీ ఏరి అత్తయ్య గోడమీద మూకుడులో పెడుతుంది, బూట్ల కోసం. మొన్న తాతబ్బాయి సెలవు మీద ఊరెళుతూ, బూట్లు వీధిలోనే విప్పి లోపలికొచ్చాడు. వాళ్ళమ్మకు ఒక కొమ్మ కావాలట.

అత్తయ్య అప్పటికప్పుడే కొమ్మ కోసింది. చుట్టడానికి గుడ్డ కనిపించక, నా కొత్త ఖద్దరు కండువా చింపి నీళ్ళలో ముంచింది.