మరమ్మ విడాకులు

మా కోడల్ని వీధిలో అందరూ మరమ్మ అంటారు. ఇంటి ముందు గదిలో పిండిమర నడుపుతుంది కాబట్టి ఆ పేరొచ్చింది. అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవర్నో అనుకుని తనే పక్కకి చూస్తుంది. తెల్లారగానే తలకు గుడ్డ బిగించుకుని, బెల్టు వదులైందేమో వేలితో నొక్కి చూసుకుని మీట వేస్తుంది. ఇక ఆ గదిలో మాటలుండవు. పిండి సన్నగా కావాలంటే జనం రెండు వేళ్ళు రాసి చూపిస్తారు, బరకగా కావాలంటే పిడికిలి చూపిస్తారు. గుడ్డ గొట్టంలోంచి పిండి డబ్బాలోకి దిగుతుంటే చిటికెడు నలిపి చూస్తుంది. నచ్చకపోతే రాళ్ళు ఇంకాస్త దగ్గరికి బిగిస్తుంది. కనుబొమలు, రెప్పలు, ముక్కు కొస అంతా పిండే. నలభై దాటిందో లేదో, మధ్యాహ్నానికి చూస్తే నాకు అక్కలా ఉంటుంది. ఆ మాటే అంటే, "అక్కని కాబట్టే ఇన్నేళ్ళు భరించాను అత్తయ్యా," అంటుంది. ఆ నోరు నా దగ్గరే నేర్చుకుంది.

మర తనదే. పెళ్ళికి ముందు బిస్కెట్ల కంపెనీలో పనిచేసి కూడబెట్టుకున్నదాంతో కొనుక్కుంది. ఇల్లు మాత్రం మా వాడిది. వాడు బస్సు డ్రైవరు. మర బిగించేటప్పుడు ముందు గది నేల తవ్వి, కాంక్రీటు పోసి, నాలుగు మూలలా నా మణికట్టంత బోల్టులు దింపారు. దాన్ని కదపాలంటే గచ్చు మొత్తం లేవాల్సిందే.

వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం ఎందుకు మానేశారని ఇద్దర్నీ విడివిడిగా అడిగాను. వాడో కారణం చెప్పాడు, ఆవిడ ఇంకోటి చెప్పింది. రెండూ నిజమే అయి ఉంటాయి. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. పిల్లల్లేరు. పొయ్యిలు రెండయ్యాయి, బట్టలారేసే తాళ్ళు రెండయ్యాయి. మధ్యలో నేను.

"అమ్మా, కుళాయి కారుతోందని చెప్పు," అంటాడు వాడు.

ఆవిడ మూరెడు దూరంలో కూర్చుని గిన్నె తోముకుంటూ ఉంటుంది. "కారుతోందని నాకూ వినబడుతోందని చెప్పండి అత్తయ్యా."

"మీ ఇద్దరి చెవులూ బాగానే ఉన్నాయి కదర్రా, నా నోరెందుకు అరగదీస్తారు?" అంటే ఇద్దరూ నవ్వుతారు. ఒకళ్ళని చూసి ఒకళ్ళు కాదు, నన్ను చూసి.

అలా ఏళ్ళు గడిచాయి. ఇంకా గడిచేవే. ఓ పొద్దున వాడు డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా గుండీలు విప్పుకుంటూ, "ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నానని చెప్పమ్మా," అన్నాడు.

వెళ్ళి చెప్పాను. ఆ మోతలో ముందు వినబడలేదు. చెవిలో అరిచాను. ఆవిడ చెయ్యి మీట మీదికి పోయింది. తొట్టిలో సగం గోధుమలుండగానే మర ఆగింది.

"ఇల్లా? ఈ గదితో సహానా?"

"గది వదిలేసి ఇల్లెలా అమ్ముతాడే?"

ఆ రోజు నుంచి ఊళ్ళో సలహా ఇవ్వనివాడు లేడు. ఆవిడ అన్నగారొచ్చి, "విడాకులు తీసుకో, వాటా అడుగు. దానికి ముందు ఇల్లు వదిలి వచ్చెయ్యి. విడిగా ఉంటేనే కోర్టు వింటుంది," అన్నాడు. మొక్కజొన్నలు పట్టించుకోడానికొచ్చే ముసలాయన ఒకడున్నాడు, కోర్టులో బంట్రోతుగా చేసి దిగినవాడు. "గడప దాటావా, మర మీద ఆశ వదులుకో," అన్నాడు ఆయన.

మా కోడలు రెండు మాటలూ విన్నది. విని ఏం చేసిందనుకున్నారు? సాయంత్రం మర కట్టేశాక చేతిసంచీలో ఓ చీర, దువ్వెన పెట్టుకుని అన్నగారింటికి పోయి పడుకునేది. తెల్లారేసరికి వచ్చి మర వేసేది. విడిగా ఉన్నట్టూ ఉంటుంది, మరా పోదు. వాళ్ళ వదిన మొహం రోజు రోజుకీ ముడుచుకుపోయింది. "ఆడపడుచులు పండక్కొస్తారు, పబ్బానికొస్తారు. ఇలా డ్యూటీకొచ్చినట్టు వచ్చేదాన్ని ఎక్కడా చూళ్ళేదు," అందట.

ఇక లాభం లేదని నేనే ప్లీడరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ కూడా మా మరకే గోధుమలు పంపుతుంది. ఆఫీసు జిరాక్సు కొట్టు మీద మేడ గది. రెండు కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా ఓ పాత తాళంకప్ప.

"మీరెవరు?" అంది నన్ను.

"ఈవిడ అత్తగారిని."

"అంటే అవతలి పార్టీకి అమ్మగారన్నమాట!"

"అవతలా ఇవతలా ఏముందమ్మా, అందరం ఒకే పెంకుల కింద ఉంటాం."

"చూడండి మామ్మగారూ, నేను ఆవిడ తరఫు మనిషిని. ఇక్కడ ఆవిడ చెప్పేది ఆవిడకీ నాకూ మధ్య ఉండాలి. మీరు విని ఇంటికెళ్ళి మీ అబ్బాయికి చెబితే ఎలా?"

"వాళ్ళ మాటలు మోసీ మోసీ విసుగొచ్చింది. ఇది మాత్రం మొయ్యను."

"ఉండనివ్వండి మేడమ్," అంది మా కోడలు. "ఆవిడ పక్కన లేకపోతే ఇంటి సంగతులు చెప్పడానికి నాకు నోరు పెగలదు."

ప్లీడరమ్మ ఒప్పుకుంది. చట్టం సంగతి నిదానంగా చెప్పింది. ఇద్దరూ ఇష్టపడి కలిసి అడిగితే ఒక దారి, తొందరగా తేలుతుంది. ఒకరు కాదంటే ఇంకో దారి, కారణం చూపించాలి, సాక్ష్యం పెట్టాలి, ఏళ్ళు పడుతుంది. పెళ్ళి తెంచుకోకుండా విడిగా బతకడానికి కోర్టు అనుమతి తీసుకోవడం మూడో దారి.

"కలిసి అడగాలంటే ఏడాదైనా విడిగా ఉండి ఉండాలి. ఎప్పట్నుంచి విడిగా ఉంటున్నారు?"

"మొన్నామధ్య నుంచండీ," అని మా కోడలు సంచీ సంగతి, వదిన సంగతి చెప్పింది.

ప్లీడరమ్మ పెన్ను కింద పెట్టింది. "దానికి ముందు?"

"ఒకే ఇంట్లో." ఆవిడ మొహం వాడిపోయింది. "అంటే ఇప్పట్నుంచీ లెక్కా? ఆ లోపల ఇల్లు అమ్మేస్తారు మేడమ్."

"ఒకే ఇంట్లో ఉన్నంత మాత్రాన కలిసున్నట్టు కాదమ్మా. మొగుడూ పెళ్ళాల్లా బతుకుతున్నారా లేదా, జడ్జిగారు చూసేది అది. వంట?"

"వేరు."

"మీరు వండింది ఆయన తినరా?"

ఇక నేను ఉండబట్టలేకపోయాను. "తినడం దాకా ఎందుకమ్మా? మా వాడు డబ్బా సైకిలుకి కట్టుకుని, బజారు అవతల ఇంకో మరకి పోయి పిండి పట్టించుకొస్తాడు."

ప్లీడరమ్మ నా వంక చూసింది. "ఇంట్లో మర పెట్టుకుని?"

"ఈ మర పక్కనుంచే డబ్బా మోసుకుపోతాడు. ఈవిడ చూస్తూనే ఉంటుంది."

"అవతల మరలో పిండి బరకగా వస్తుంది మేడమ్," అంది మా కోడలు. "వాళ్ళు రాళ్ళకి గంట్లు సరిగ్గా కొట్టించరు. అదే తింటారు."

"వీధిలో ఎవరైనా చూశారా?"

"చూడనివాళ్ళని చెప్పమనండి, వేళ్ళ మీద లెక్కపెడతా," అన్నాను.

ప్లీడరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. ఆపుకోలేక నవ్వేసింది. "ఇంతకంటే విడిగా ఉండడం ఎవరి తరమూ కాదు. ఆ సంచీ ఇంటికి తెచ్చేసుకోండి. మామ్మగారూ, కావాల్సొస్తే ఈ ముక్క కోర్టులో చెబుతారా?"

"ఉన్నదేగా. చెబుతా."

తర్వాత ఇంటి మాట వచ్చింది. మా కోడలు తెచ్చిన కాగితాలు ప్లీడరమ్మ తిరగేసింది. "పెళ్ళి తెగడం ఒక లెక్క, ఇల్లూ మరా ఇంకో లెక్క. రెండూ ముడేసుకుని భయపడకండి. మర మీది. రసీదు మీ పేరున, మీటరు మీ పేరున ఉంది. గది మాత్రం మీది కాదు."

"గది లేని మర ఏం చేసుకోను మేడమ్? పీకితే రాళ్ళు మళ్ళీ ఆ కుదురుకి రావు. జనం కూడా ఆ గుమ్మానికే అలవాటు పడ్డారు."

"అయితే పోట్లాడొచ్చు. అమ్మకం కొన్నాళ్ళు ఆపమని అడగొచ్చు, భరణం అడగొచ్చు. ఏం దక్కుతుందో ముందే చెప్పలేను. ఇష్టపడి విడిపోతే మీ ఇద్దరికీ కుదిరిన షరతులు మీరే రాసుకోవచ్చు, గది సంగతితో సహా. దానికి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి. మాట్లాడుకోగలరా?"

అత్తా కోడళ్ళం మొహమొహాలు చూసుకున్నాం.

ప్లీడరమ్మ కబురు పెడితే మా వాడు వచ్చాడు. "నేను ఆవిడ ప్లీడర్ని. మీకు వేరే ప్లీడరు కావాలంటే పెట్టుకోవచ్చు," అని ముందే చెప్పింది. ఇప్పుడొద్దన్నాడు. సంతకం పెట్టే ముందైనా ఎవరికైనా చూపించుకోమంది. విడిపోవడానికి తనకీ ఇష్టమేనన్నాడు. ఆ ముక్క చెప్పడానికి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. అసలు గొడవ గదితోనే.

"అమ్మా, ఆ గది..." అంటూ నా వైపు తిరిగాడు.

"మామ్మగారు ఈ పూట పలకరు," అంది ప్లీడరమ్మ. "ఆవిడతో చెప్పండి."

తిరిగాడు. నోరు తెరిచాడు. నువ్వు అనాలో మీరు అనాలో తేలలేదు. చివరికి గోడ మీది గడియారాన్ని చూస్తూ, "గది ఖాళీ చేస్తే బాగుంటుంది," అన్నాడు.

"ఎవరు?" అంది ప్లీడరమ్మ.

"అదే... అక్కడుండే మనిషి."

"అసలు ఎందుకు అమ్మాలట?" అంది మా కోడలు, బల్ల మీది తాళంకప్పతో.

"రాత్రంతా బస్సు నడిపి వస్తే ఇంట్లో కన్ను మూతపడదు. ఈ డ్యూటీ పడ్డప్పట్నుంచీ డిపోలో, టైర్ల షెడ్డులో బల్ల మీద పడుకుంటున్నాను. నడుం పోయింది. ఇది అమ్మి ఎక్కడైనా చిన్నది చూసుకుందామని."

"ఆ ముక్క చెప్పి చావొచ్చుగా నువ్వు!" అని అరిచింది మా కోడలు.

కింద జిరాక్సు మిషను కూడా ఆగినట్టనిపించింది నాకు.

"చెబితే నువ్వు మర ఆపుతావా?" అన్నాడు వాడు.

"ఆపను. పనులకి పోయేవాళ్ళు పొద్దున్నే డబ్బాలు పెట్టి పోతారు. ఆపితే వాళ్ళంతా అవతల మరకి పోతారు, నీలాగే."

"మరి చెప్పి ఏం లాభం?"

"లోపలికుండే తలుపు తీసేసి గోడ కట్టిద్దాం. మోతంతా ఆ తలుపులోంచే వస్తుంది. నువ్వు వెనక గదిలోకి మంచం మార్చుకో, సందువైపు గుమ్మం ఉంది కదా. ముందు గది నా పేర రాసివ్వు. మిగతా ఇల్లు నీ ఇష్టం. భరణం నాకొద్దు."

"ఆగండమ్మా," అంది ప్లీడరమ్మ. "భరణం వదులుకున్నానని రాశాక మళ్ళీ అడగడం కష్టం. రేపు ఒంట్లో బాగోక మర నడపలేకపోతే?"

"అప్పుడు మనిషిని పెట్టుకుంటాను. మర తిరిగితే అదే నా భరణం."

మా వాడు సరేనన్నా, ప్లీడరమ్మ ఆ రోజు రాయలేదు. ఇద్దర్నీ వారం ఆలోచించుకుని రమ్మంది. వచ్చారు. ఇద్దరూ అదే మాట మీదున్నారు. గోడ మందం ఎంతుండాలన్న దగ్గర మాత్రం బాగా దెబ్బలాడుకున్నారు. వాడు ఇంకో ప్లీడరుకి చూపించుకుని సంతకం పెట్టాడు.

"మరి మామ్మగారు ఏ వైపు?" అని ప్లీడరమ్మ అడిగింది. "పడక వాడివైపు, పగలు మరలో. అది రాయక్కర్లేదులే," అన్నాను.

కోర్టులో ఆలోచించుకోమని కొన్నాళ్ళు గడువిచ్చారు. ఆ గడువయ్యాక జడ్జిగారు మనసేమైనా మారిందా అని అడిగారు. లేదండీ అన్నారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. బయటికొచ్చాక వాడు డ్యూటీకి పోయాడు. ఆవిడా నేనూ బస్సెక్కాం. ఏడుస్తుందేమోనని చూశాను. కిటికీ పక్క సీటు కోసం ఎవరితోనో పోట్లాడింది.

తర్వాత మేస్త్రీ వచ్చి తలుపు ఊడదీసి గోడ కట్టాడు. సిమెంటు ఆరేదాకా మర వెయ్యొద్దన్నాడు. డబ్బాలు గుమ్మం బయటిదాకా పేరుకుపోయాయి. మర వేసిన పొద్దున వాడు డ్యూటీ దిగి డిపోకి కాక ఇంటికే వచ్చి పడుకున్నాడు. నేను వాడి మంచం దగ్గరే కూర్చున్నాను. మోత లేకపోలేదు, పక్క వీధిలో లారీ ఆగి ఉన్నట్టుంది. వాడు ఓసారి అటు దొర్లి, దుప్పటి మొహం మీదికి లాక్కుని, గురక మొదలుపెట్టాడు.

లేచి, సందులోంచి చుట్టూ తిరిగి, ముందు గదికి వెళ్ళాను. మా కోడలు నన్ను చూసి మర ఆపింది.

"పడుకున్నారా?"

"గురక పెడుతున్నాడు."

"అయితే ఇక ఈ గది జోలికి రారు," అని మళ్ళీ మీట వేసింది.