ఐసు పెట్టెలో మందు సీసా

మా నాన్న ఐసు పరిచిన చేప అస్సాం దాకా వెళ్ళినా కళ్ళు తేటగా ఉండేవి. మాది మండవల్లి పక్కన, కొల్లేటి అంచు ఊరు. చెరువులో చేపలు పట్టే రోజున లారీ దగ్గర ట్రేలు సర్దేది ఆయనే. ఒక వరస ఐసు, ఒక వరస శీలావతి చేప, మళ్ళీ ఐసు. దూరం లోడయితే పైన గుప్పెడు రాళ్ళ ఉప్పు చల్లేవాడు. ఉప్పు పడితే ఐసు చల్లదనం ఇంకా గట్టిగా పట్టేస్తుందని ఆయన నమ్మకం. ఆ పని గురించి మాట్లాడేటప్పుడు కాస్త గీర కూడా ఉండేది.

షుగరు మాత్రలకి లొంగకపోయేసరికి ఊళ్ళో క్లినిక్ సిస్టరు గారు ఇన్సులిన్ మొదలుపెట్టించారు. సూది ఎలా వేసుకోవాలో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. "వేసుకునే ముందు సీసాని అరచేతుల్లో దొర్లించండి. చల్లగా ఉంచుకోండి బాబాయి గారూ," అన్నారు.

మా ఇంట్లో ఫ్రిజ్ లేకపోలేదు. నాన్నకే దాన్ని చూస్తే చిన్నచూపు. "కరెంటు పోతే అది ఉత్త బీరువా," అనేవాడు. థర్మాకోల్ పెట్టె తెచ్చుకుని, ఐసు నలగ్గొట్టి, మధ్యలో సీసా పెట్టి, పైన ఉప్పు చల్లి మూత బిగించేవాడు. పొద్దున్నే తీసి, మందు సూదిలోకి ఎక్కేదాకా అరచేతుల మధ్య ఓపిగ్గా దొర్లిస్తూ కూర్చునేవాడు. మాకెవ్వరికీ అనుమానం రాలేదు. దొర్లించమనే కదా చెప్పారు.

షుగరు దిగలేదు. వారం వారం సిస్టరు గారు వేలు పొడిచి చూసి, అంకె రాసుకునేవారు. అమ్మ మాత్రం ఊరుకునేది కాదు. "పెళ్ళి భోజనాల దగ్గర మీరేం తింటున్నారో ఎవరు చూడొచ్చారు?" అని విరుచుకుపడేది. "బైబిలు మీద ఒట్టే," అనేవాడు నాన్న. ఒట్టు వేసి, మర్నాటి నుంచి అన్నం ఇంకా తగ్గించేశాడు. ఆ పస్తులు తలుచుకుంటే నాకిప్పటికీ కోపం ముంచుకొస్తుంది. ఎవరి మీదో మాత్రం తెలియదు.

ఆ రోజుల్లోనే చెరువు గట్టు మీద నత్తగుల్ల ఆయన కుడికాలికి గుచ్చుకుంది. షుగరుకి పాదాలు మొద్దుబారి ఆయనకి తెలియనే లేదు. గుమ్మంలో నెత్తుటి అడుగులు చూసి అమ్మే కేక పెట్టింది. సిస్టరు గారు ఇంటికే వచ్చి కట్టు మార్చేవారు. "షుగరు దిగితే పుండు మానుతుందండీ. లేకపోతే కాలు నిలవదు," అని నాతో మెల్లిగా చెప్పారు.

ఒక పొద్దున్న కట్టు కడుతూ, "మందు ఎక్కడ పెడుతున్నారండీ?" అని అడిగారు. నాన్న ముఖం వెలిగిపోయింది. వ్యాపారికి లోడు చూపించినట్టు పెట్టె మూత తీసి చూపించాడు. సీసాలో మందు తెల్లగా గడ్డకట్టి ఉంది. ఆవిడ దాన్ని వెలుగుకి ఎత్తి, తలకిందులు చేసి చూశారు.

"ఇది గడ్డకడితే సత్తువ పోతుందండీ. కరిగించినా పనిచెయ్యదు," అన్నారు. "నేనే విడమరిచి చెప్పాల్సింది బాబాయి గారూ."

"అయితే ఇన్నాళ్ళూ నేను పొడుచుకున్నది నీళ్ళేనామ్మా?" అన్నాడు నాన్న.

ఆవిడ కొత్త సీసా ఇచ్చి, ఫ్రిజ్ అంటే నాన్న ఒప్పుకోడని మట్టి కుండలో తడి ఇసుక పోయించి అందులో పెట్టించారు. షుగరు దిగడం మొదలైంది. పుండు అప్పటికే ఎముక దాకా పోయింది. ఏలూరు ఆసుపత్రిలో మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. అమ్మ వరండాలో నా చెయ్యి పట్టుకుని, "ఆయన ఏమీ తినలేదే. నిజంగానే ఏమీ తినలేదే," అని ఏడ్చింది.

ఇప్పుడు నాన్న షుగరు అదుపులోనే ఉంది. క్లినిక్‌లో పరీక్షలు చేసే రోజున చంకకర్రలతో వెళ్ళి గుమ్మం పక్క బల్ల మీద కూర్చుంటాడు. ఇన్సులిన్ సీసాతో బయటికొచ్చిన ప్రతివాళ్ళనీ పిలిచి, "ఐసులో మాత్రం పెట్టకండి," అంటాడు.

మొన్న పక్క ఊరి నుంచి వచ్చిన చేపల ప్యాకింగ్ పనివాడొకాయన ఆ మాటకి నవ్వాడు. "ఐసులో చేపే చెడదు కదండీ, మందు చెడుతుందా?"

"నేనూ అలాగే అనుకున్నానండీ," అని నాన్న కూడా నవ్వాడు. నవ్వుతూనే లుంగీ అంచు పక్కకి తీశాడు.

ఆ పనివాడి నవ్వు ఆగిపోయింది.

"కుండలో పెట్టుకోండి," అన్నాడు నాన్న, లుంగీ సర్దుకుంటూ. "ఇసుక తడిపి."