కాలరు కింద మూడు కుట్లు

చొక్కా చేతికి రాగానే మేం చేసే మొదటి పని బ్లేడు వెతుక్కోవడం. యుద్ధం మూడో ఏట పడ్డాక శిక్షణ శిబిరంలో కొత్త గుడ్డ మొహం చూసినవాడు లేడు. మా ముందు సరిహద్దుకి వెళ్లినవాళ్ల చొక్కాలే తిరిగొస్తే ఉతికి, ఇస్త్రీ చేసి మా మొహాన కొట్టేవారు. వాటిమీద పాతవాడి నంబరు గానీ, పొడి అక్షరాలు గానీ, ఏదైనా కుట్టు గానీ కనిపిస్తే పీకి పారేసేవాళ్లం. ఉంచుకుంటే వాడు పోయిన చోటికే మనమూ పోతామని భయం. నవ్వుకోండి, నాకేం. మీరూ ఆ చొక్కాల్లో చేతులు దూర్చి ఉంటే తెలిసేది.

ఎందుకంటే గుర్తులు పీకేసినా చొక్కాలు ఊరుకునేవి కావు. నా పక్క మంచంవాణ్ణి ఒంటె అనేవాళ్లం. పుట్టి బుద్ధెరిగాక ఈల వేసి ఎరగడు. చొక్కా తొడుక్కున్న నాలుగో రోజు నుంచి బూట్లు పాలిష్ చేస్తూ ఈల వేసేవాడు, ఎప్పుడూ అదే వరస. "ఏం పాటరా అది?" అంటే, "ఏం పాట?" అని వెర్రిగా చూసేవాడు. నాకేమో చొక్కా కుడి చేతి మడత ఎడమదానికంటే ఒక చుట్టు ఎక్కువ పడేది. "రెండు చేతులూ నీవేనా?" అని డ్రిల్లు మాస్టారు రోజూ తిట్టేవాడు. సరిచేసుకునేవాణ్ణి. పదడుగులు వేసి చూసుకుంటే మళ్లీ అంతే.

స్టోరు వెనక రేకుల గదిలో చిరుగులు కుట్టే ఆవిడ ఉండేది. అందరికీ కుట్టు అత్త. నోరు కత్తెర, చెయ్యి బంగారం. గుండీ తెగి వెళితే, "యుద్ధానికి తయారవుతున్నారా, గుండీలు నములుతున్నారా?" అనేది. అంటూనే కుట్టి, దారం పంటితో పుటుక్కున తెంపి, చొక్కా మన మీదికి విసిరేది. ఊళ్లో సొంత దుకాణం ఉండేదట. అది మూసేసి ఆ రేకుల కింద ఉడికిపోవడానికి ఎందుకొచ్చిందో ఓ రోజు నాకు చెప్పింది. ఆవిడ కొడుకు ఈ శిబిరంలోనే తయారై సరిహద్దుకి వెళ్లాడు. ఎనిమిది నెలలుగా ఉత్తరం ముక్క లేదు. ఆఫీసులో అడిగితే ఉన్నవాళ్ల జాబితాలోనూ లేడు, పోయినవాళ్ల జాబితాలోనూ లేడంటారు.

"వాడి చొక్కాకి కాలరు కింద ఆకుపచ్చ దారంతో మూడు కుట్లు వేశాను బాబూ. తిరిగొచ్చే బట్టలన్నీ నా చేతిమీదుగానే కదా వెళ్లేది. ఇన్నాళ్లూ అది రాలేదంటే వాడి ఒంటిమీదే ఉన్నట్టు" అంది. నవ్వింది కూడా.

చేరిన రోజు నేను బ్లేడుతో పీకింది ఆకుపచ్చ దారమే. మూడు కుట్లే. చిరగని చొక్కాలు లాండ్రీ నుంచి నేరుగా స్టోరుకి పోతాయని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పిరికివెధవని! ఆరు వారాలపాటు ఆ చొక్కాతోనే ఆవిడ గుమ్మం ముందు నుంచి తిరిగాను.

ఒకరోజు ముళ్లతీగ కింద పాకుతుంటే మోచెయ్యి దగ్గర చర్రున చిరిగింది. చిరుగుతో పరేడుకి వెళితే శిక్ష. ఒంటెని తీసుకెళ్లమని బతిమాలాను. "నీ చొక్కా నేను ముట్టుకోను" అనేశాడు. ఇక తప్పక, మిట్టమధ్యాహ్నం ఎండలో నేనే వెళ్లాను.

అత్త చిరుగు కుట్టింది. తర్వాత అలవాటుగా కాలరు కింద బొటనవేలు పోనిచ్చింది. దారమే లేదు, ఏం దొరుకుతుందిలే అనుకున్నాను. వేలు ఆగిపోయింది. కాలరు తిప్పి కిటికీ వెలుగులో పెట్టింది. దారం పోయినా సూది పోట్లు పోలేదు.

"ఎప్పుడిచ్చార్రా నీకిది?"

"చేరిన రోజే అత్తా."

"దారం పీకింది నువ్వేనా?"

తలూపాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. చొక్కా అంతా తడిమి చూసి, "నువ్వు చింపింది తప్ప ఇంకో చిరుగే లేదు" అని తనలో తను అనుకుంది. డబ్బాలోంచి ఆకుపచ్చ దారం తీసి, ఆ పాత బెజ్జాల్లోనే మూడు కుట్లు వేసింది. ఈసారి పంటితో తెంపలేదు. కత్తెరతో నెమ్మదిగా కత్తిరించింది.

"తొడుక్కో" అంది.

తొడుక్కున్నాను. బయట పరేడు విజిల్ వేశారు. వస్తానత్తా అని చెప్పి వెళ్లిపోదామనుకుని గుమ్మం దగ్గర నోరు తెరిచాను.

"పొయ్యి మీదే ఉంచమ్మా, ఇదిగో వచ్చేశా" అన్నాను.

ఆ గదిలో పొయ్యి లేదు. ఆవిణ్ణి నేనెప్పుడూ అమ్మా అని పిలవలేదు. వెనక కత్తెర కిందపడింది.

"గడప దాటేటప్పుడల్లా మావాడు అనే మాట అది" అంటూ లేచి వచ్చింది. నా కుడి చెయ్యి చూసింది. అప్పటికే ఒక చుట్టు ఎక్కువ మడిచి ఉంది. ఆ మడత మీద చెయ్యి వేసింది. నా మొహంకేసి చూడనేలేదు. రెండు చేతులతో కాలరు పట్టుకుని, కుట్లు వేసినచోట పెదాలు ఆనించి, నెమ్మదిగా అడిగింది.

"ఎక్కడున్నావురా నాన్నా?"

వాడి జవాబు నా గొంతు దాకా వచ్చింది. రెండు చేతులతో నోరు మూసుకున్నాను.