గంగుబాయి మోసి చూసిన మిషన్

ఏసయ్య చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ గేట్లు, కిటికీలు చేసిపెట్టిన వెల్డరు. నిరుడు రేకుల షెడ్డు మీంచి పడి నడుము దెబ్బతిన్నాక పని ఆగిపోయింది, మాటా తగ్గింది. అది చూడలేక భార్య గంగుబాయి, ఇంటి దగ్గరే కూర్చుని చేసుకునేందుకు వెల్డింగ్ మిషన్ కొందామని అతన్ని బాన్సువాడ బజారుకు తీసుకొచ్చింది.

దుకాణంలో ఏసయ్య తిన్నగా పాత రకం పెద్ద మిషన్ దగ్గరికి వెళ్లాడు. అలవాటైనది, పైగా ధర కూడా అగ్గువ. దాన్ని కదపబోయి, నడుము పట్టుకుని ఆగిపోయాడు.

"ఇంటి కరెంటుకు అది నడవదన్నా," అంటూ దుకాణదారు చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ చూపించాడు. "సన్న రాడ్లకు గిది సాలు."

"గీ డబ్బా ఏం పనిచేస్తది?" ఏసయ్య మొహం తిప్పుకున్నాడు.

గంగుబాయి ఆ మిషన్‌ను పట్టీతో భుజానికి తగిలించుకుని అటూ ఇటూ నడిచింది.

"గిదే తీస్కుందాం. పొద్దుగాల వాకిట్ల పెట్టి పొలం పనికి పోత, వచ్చినంక లోపల పెడ్త. నీకేం ఫికర్?"

ఏసయ్య ఆమె భుజం మీది పట్టీని సరిచేశాడు. తర్వాత దుకాణదారుతో, "మొహం అద్దాలు రెండియ్యి," అన్నాడు.

"రెండెందుకన్నా?"

"ఆమె గూడ చూస్తది."

ఆ సాయంత్రం ఏసయ్య ఇనుప మంచం కాలు అతికిస్తుంటే, గంగుబాయి ఆ నల్లద్దం మొహానికి అడ్డం పెట్టుకుని పక్కనే కూర్చుంది. ఇన్నేళ్లూ ఆ వెల్డింగ్ వెలుగుకు ఆమె మొహం తిప్పుకునేది.

"అబ్బ, గింత సక్కగుంటదా!" అంది.

ఏసయ్య పని ఆపి, ఇనుము ఎలా కరుగుతుందో చెప్పడం మొదలుపెట్టాడు. అన్నానికి కూర్చున్నాక కూడా చెబుతూనే ఉన్నాడు.